కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారు

బాలబాలికలారా, మన మనుదినమును భుజించు నన్నమునకు గూడ నొక చరిత్రము కలదని మీలో నెందఱు తలంచియుందురు? రాజుల పట్టాభిషేకములకును, కోటల ముట్టడులకును చరిత్రము కలదని మీ పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. రాచకొండ దుర్గమును గట్టిన రాజు పేరు మీరు చదువుదురు. ఆ దుర్గమునకు ఱాళ్లు మోసిన కూలివాని మూటలోని సద్ది యేమి? ఆ రాజునకు పన్ను చెల్లించిన రైతు నల్లగొండ చెల్కలలో దున్ని దున్ని యలసి, మధ్యాహ్నమున చెట్టునీడకు వచ్చి యేమి తినెను? ఇవి చిన్న ప్రశ్నలుగా దోచవచ్చును. కాని వీనికి సమాధానము వెదకుటకై జీవితములో పెక్కు సంవత్సరములు వెచ్చించిన మహనీయు లొకరు మన సీమకు జెందినవారే. వారే కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారి జీవితమును, ముఖ్యముగా తెలుగువారి యన్నపానములను గూర్చి వారొనర్చిన కృషిని, ఈ సంచికలో మా చదువరులకు నివేదింప సంకల్పించితిమి.

కృష్ణా తుంగభద్రానదుల నడుమనున్న సీమకు నడిగడ్డ యని పేరు. గద్వాల, అలంపురము లా సీమలోనివే. అచటి యిటిక్యాలపాడు ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము. వారు 1896వ సంవత్సరము మే నెల 28వ తేదీన జన్మించిరి. నా డా ప్రాంతము నైజాము రాజ్యమునందలి రాయచూరు జిల్లాలో నుండెను. 1956లో అది మహబూబునగరము జిల్లాలో చేర్పబడెను. 2016లో జిల్లాలను విభజించినపుడు జోగులాంబ గద్వాల జిల్లాలోనిదయ్యెను. తుంగభద్ర కీవలియొడ్డున నిజాము ప్రభుత్వము, ఆవలియొడ్డున కర్నూలులో నాంగ్లేయ ప్రభుత్వము. నదికి రెండు వైపులను మాటాడు భాష తెలుగే. తిను తిండి జొన్నయే. ప్రభుత్వములు వేఱైనను ప్రజల బ్రతుకు వేఱు కాదను సంగతిని ఆ యొడ్డున బెరిగిన బాలున కొకరు బోధింపవలసిన పని లేకుండెను.

ప్రాథమిక విద్య ముగిసిన పిదప ప్రతాపరెడ్డిగారు నది దాటి కర్నూలులో చదివిరి. వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని సంస్కృత కావ్యములను, వ్యాకరణమును అభ్యసించిరి. పిమ్మట హైదరాబాదు నిజాము కళాశాలలో ఎఫ్.ఏ. తరగతియు, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. తరగతియు ముగించి, తిరువాన్కూరులో న్యాయశాస్త్రమును చదివి బి.ఎల్. పట్టమందిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, ఆంగ్లము వారికి స్వాధీనములైన భాషలు. కొంతకాలము న్యాయవాదవృత్తి నవలంబించిరి గాని, మనసు దానియందు నిలువలేదు. అయినను ఆ చదువు వృథ కాలేదు. సాక్షి చెప్పిన మాటను తూచి చూచుట, ఆ మాటకు వేఱొక సాక్షి మాటతో పొత్తు కుదురునో లేదో పరీక్షించుట న్యాయవాదికి నిత్యకృత్యము. ఈ యలవాటు వారికి తరువాతి కాలమున నెట్లు తోడ్పడెనో ముందు తెలియగలదు.

ఆ దినములలో నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగు మాటాడు ప్రజలు లక్షలకొలది యుండినను, కచ్చేరీలయందును పెద్ద పాఠశాలలయందును వారి భాషకు తగిన స్థానము లేకుండెను. నలుగురు కూడి సభ చేసికొనవలెనన్నను ప్రభుత్వానుమతి కావలసియుండెను. అట్టి కాలమున 1922లో మన నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. నాలుగు సంవత్సరములకు, అనగా 1926వ సంవత్సరము మే నెల 10వ తేదీన, హైదరాబాదునుండి గోలకొండ పత్రిక జన్మించెను. దానిని పెంచి పెద్దచేసిన సంపాదకులు ప్రతాపరెడ్డిగారే. రెడ్డి విద్యార్థి వసతిగృహ నిర్వహణమునందును వారు కొన్ని సంవత్సరములు పాటుపడిరి. పల్లెలనుండి వచ్చిన బాలురకు నగరమున తలదాచుకొను చోటును, చదువుకొను పుస్తకములును సమకూర్చుట యెంత పుణ్యకార్యమో వసతిగృహములలో పెరిగిన మన విద్యార్థులకు మేము వేఱుగ జెప్పనేల?

1930లో మెదకు జిల్లాలోని జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డిగారే యధ్యక్షులు. తెలంగాణమున కవులు లేరని యొకరు తేలికగా పలికినప్పుడు, వారు కోపముతో నూరకుండక, కలహమునకును దిగక, ఊరూరికిని జాబులు వ్రాసి కవుల పద్యములను దెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు గలరు. ఇది వారి స్వభావమును దెలుపు గొప్ప నిదర్శనము. లేదన్న దానిని వెదకి, కూర్చి, కన్నులయెదుట నిలుపుటయే వారి ప్రత్యుత్తరము. కవుల విషయమున చేసినట్టి పనినే సామాన్య ప్రజల బ్రతుకు విషయమునను వారు చేసిరి. అందు ప్రజల తిండి యొక ముఖ్యభాగము.

ఆ పని యెంత కష్టమైనదో కొంత యాలోచింపుడు. రాజు చేసిన దానమునకు శిలాశాసనము సాక్షి. యుద్ధమునకు కైఫియతులు సాక్షులు. తల్లి పొయ్యిమీద వండి పెట్టిన గటకకు సాక్షి యెవరు? అది వండిన నాడే తినబడినది, కుండ పగిలినది, పొయ్యి చల్లారినది. వండిన యామె పేరు గూడ మనకు మిగులలేదు. ఇట్టి వస్తువునకు చరిత్రము వ్రాయ సాహసించువాడు సాక్షులను మఱియొకచోట వెదకవలెను. ప్రతాపరెడ్డిగారు ప్రాచీన తెలుగు కావ్యములలో వారిని గనుగొనిరి. పండితులు అలంకారములకొఱకును, వ్యాకరణ ప్రయోగములకొఱకును చదువు గ్రంథములను వారు వంటయింటి ద్వారములవలె దెఱచి చూచిరి. కవి కథకొఱకు కల్పన చేయవచ్చును. కాని తన కథలోని యతిథికి వడ్డించు కూరను మాత్రము తా నెఱిగిన లోకమునుండియే తెచ్చుకొనును. కథ కల్పితమైనను కూర నిజము. న్యాయవాది చూపు ఇక్కడ పనికివచ్చినది.

ఇట్టి సాక్ష్యము లెంత రుచికరములో రెండు మూడుదాహరణములవలన తెలియును. ఓరుగంటి నగరమును వర్ణించు క్రీడాభిరామమునందు పూటకూళ్లయిల్లొకటి కలదు. ఒక్క రూకకు అచట సన్నబియ్యపు టన్నము, గోధుమల పిండివంట, పిడికెడు చక్కెర, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు దొరకినవట. కవి దీనిని వినోదముగా చెప్పెను. చరిత్రకారున కందు నాలుగు సంగతులు దొరకును: బాటసారికి వెలకు భోజనము పెట్టు ఇండ్లు ఆ నగరమున నుండినవి; పూట భోజనమునకు వెల యింతయని యుండినది; గోధుమయు చక్కెరయు సంతకు వచ్చుచుండినవి; భోజనము పెరుగుతో ముగియు నాచారము నాటికే కలదు.

శ్రీకృష్ణదేవరాయల యాముక్తమాల్యదయందు విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వడ్డించును. వానకాలమున పప్పు, పొగిచిన కూరలు, వరుగులు, వడియములు. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, చెఱకురసము, లేత కొబ్బరినీరు, నీరుమజ్జిగ. చలికాలమున మిరియపు ఘాటుగల వేడికూరలు, ఆవపచ్చళ్లు, కాగిన పాలు. సముద్రముదాటి పోరుచుండిన రాజులతో రాయబారములు నడపిన చక్రవర్తి, వానకాలమున పచ్చికూరలు దొరకని యింటియిల్లాలు ఎండబెట్టిన వరుగులను వాడునను సంగతి నెఱిగి వ్రాసెను. శ్రీనాథుడు పల్నాటికిపోయి, అచట జొన్న తప్ప మఱియొక తిండి కానరాదని పరిహాసముగా చాటువులు చెప్పెను. కృష్ణాతీరపు సన్నన్నము మరిగిన కవికి అది వెక్కిరింత. మనకో, అయిదువందల యేండ్లకు పూర్వము మెట్టసీమ తెలుగువా డెల్ల జొన్నతోనే బ్రతికెననుటకు అంతకంటె మంచి సాక్ష్యము లేదు. వెక్కిరించినవాడే సాక్షియైనచో ఆ సాక్ష్యమును సందేహింప బనిలేదు గదా!

ఈ పనిలో ప్రతాపరెడ్డిగారికి గొప్ప చిక్కొకటి యెదురయ్యెను. పాత కావ్యములలో మండెగలు, సారసత్తులు, తేనెతొలలు మొదలగు పిండివంటల పేర్లు కుప్పలుగా గలవు. అవి యేమని నిఘంటువులు తెఱచిన, పెక్కింటికి ఒక భక్ష్యవిశేషమని మాత్రమే యర్థము కనబడును. ఆటల పేర్లకును అదే గతి. ఒక క్రీడావిశేషమని చెప్పి నిఘంటుకారు డూరకుండును. దేనితో చేసిరి, నూనెలో వేచిరో ఆవిరిమీద నుడికించిరో, తీపియో కారమో, పండుగనాటిదో పూటపూటకు తినునదో ఏమియు దెలియదు. ఈ లోపమును జూచి ప్రతాపరెడ్డిగారు మిక్కిలి విచారించిరి. గొప్ప గొప్ప సంస్కృత పదములకు పుటలకొలది యర్థములు వ్రాసిన పండితులు, తమ యవ్వ చేసిపెట్టిన యప్పచ్చికి రెండు పంక్తులు వ్రాయకపోయిరి. అడుగవలసిన నాడు అడిగియుండిన ఏ పల్లెటూరి ముసలమ్మయైనను చెప్పియుండును. అడుగువారు లేక ఆ ముసలమ్మలు వెడలిపోయిరి. వారితో వంటయు, వంటతో మాటయు పోయెను. చదువరులారా, భాష చచ్చుట యన నొక్కనాడు పిడుగు పడినట్లుండదు. ఇట్లు ఒక్కొక్క కుండ చల్లారుచు చచ్చును.

ఇట్టి దుఃఖము మనకే కాదు. లోకమంతటను తమ తిండిని రాజ్యమేలిన ఇంగ్లండు దేశమునకే యిట్టి స్థితి వచ్చినది. అచటి ధనికులు ఫ్రెంచి వంటవారిని బెట్టుకొని, ఫ్రెంచి పేర్లుగల పదార్థములు తినుటయే నాగరికత యనుకొనిరి. తమ పల్లెల వంట మోటుదని సిగ్గుపడిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లభాషకు ప్రఖ్యాత నిఘంటువు కూర్చిన సామ్యూలు జాన్సను పండితుడు, ఓటుధాన్యము ఇంగ్లండులో గుఱ్ఱములకును, స్కాట్లండులో మనుష్యులకును తిండియని 1755లో తన నిఘంటువునందే పరిహాసము చేసెను. పల్నాటి జొన్నను జూచి నవ్విన మన శ్రీనాథునకు ఆయన తగిన జోడు. అయినను స్కాట్లండువారు తమ ఓటుగంజిని విడువలేదు. కారన్వాలు సీమలో తగరపు గనులలోనికి దిగు కూలివాడు మాంసమును, ఉర్లగడ్డను పిండిలో మడిచి కాల్చిన పేస్టీని మూటగట్టుకొని పోయెడివాడు. మన సీమలో కూలికిబోవు తల్లి రొట్టెలో తొక్కు పెట్టి మడిచి కొంగున గట్టుకొని పోవుటయు అట్టిదే.

తమ దేశపు వంట లంతరించుచుండుట జూచి ఫ్లారెన్సు వైటను నొక విదుషి 1928లో ఇంగ్లండున జానపదపు వంటలను సేకరించుటకై యొక సంఘమును స్థాపించెను. పత్రికలద్వారమున, జాబులద్వారమున ఊరూరి గృహిణులను అడిగి, పాత వ్రాతపుస్తకములను వెదకి, 1399వ సంవత్సరము మొదలు తన కాలమువఱకు గల వంటల విధానములను గూర్చి 1932లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. అది వెలువడిన రెండేండ్లకే మన గోలకొండ కవుల సంచిక వెలువడుట చూడుడు. ఆమె వంటల నడిగి తెప్పించెను; వీరు పద్యముల నడిగి తెప్పించిరి. సముద్రమునకు ఆవల నొకరు, ఈవల నొకరు, పత్రికారచయితలే, జాబులే సాధనముగా, పోవుచున్న దానిని పట్టి నిలుప బ్రయత్నించిరి.

తిండికి చరిత్రము కలదనుటకు మిరపకాయకంటె మంచి పాఠము లేదు. కారము లేక మనకు ముద్ద దిగదు. అది యనాదినుండి మన దనియే యందఱును నమ్ముదురు. కాని ప్రాచీన కావ్యములలోని కూరలకు ఘాటు మిరియమువలనను ఆవలవలనను వచ్చినది. మిరప అమెరికా ఖండమున బుట్టిన మొక్క. 1492లో కొలంబసు ఆ ఖండమును చేరిన పిదప, పోర్చుగీసువారి యోడలమీద అది మన తీరములకు వచ్చినది. వేరుసెనగ, ఉర్లగడ్డ, టొమాటో, మొక్కజొన్న లన్నియు అచటివే. కాకతీయ ప్రతాపరుద్రుడు మిరపకాయ తొక్కు నెఱుగడు. ఆంగ్లేయులు తమవంతు మననుండి గైకొనిరి. 1747లో లండనున అచ్చైన హన్నా గ్లాసు వంటపుస్తకమున మన దేశపు కూర వండు విధానము కలదు. అందును ఘాటునకు మిరియమే. దక్షిణదేశపు మిరియాలచారు వారి బల్లమీద ముల్లిగటానియైనది, కిచ్చడి కెడ్జరీయైనది. ఇట్లు ప్రతి దేశపు కంచములోను ప్రపంచమంతయు నున్నది. ఈ సంగతి తెలిసినవాడు పరుల తిండిని జూచి యసహ్యపడడు. తన తిండిని జూచి సిగ్గుపడడు.

ఇట్లు దీర్ఘకాలము చేసిన పరిశ్రమ ఫలముగా 1949లో ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. తూర్పు చాళుక్యుల కాలము మొదలు ఇరువదవ శతాబ్దారంభమువఱకు తెలుగు ప్రజలు కట్టిన బట్టలు, పెట్టుకొన్న నగలు, ఆడిన ఆటలు, చేసిన వర్తకము, నమ్మిన నమ్మకములు, తినిన తిండ్లు అందు వర్ణింపబడినవి. అందు రాజులు లేకపోలేదు. కాని వారు పక్కకు జరిగి ప్రజలకు చోటిచ్చిరి. అంతకుముందే వారు హిందువుల పండుగలను గ్రంథమునందు పండుగల పుట్టుపూర్వోత్తరములను వివరించియుండిరి. ఒక సంగతి మాత్రము చదువరులు మఱవరాదు. కావ్యములు వ్రాసినవారు తఱచుగా రాజులను, ధనికులను ఆశ్రయించినవారు. నిండిన విస్తరిని వారు వర్ణించినంతగా నిండని కడుపును వర్ణింపలేదు. కావున కావ్యముల సాక్ష్యము ఒకవైపు మొగ్గియుండును. మిగిలిన వైపును పూరించుట తరువాతివారి పని. అనగా మన పని.

ఆ పనికి మన నల్లగొండ, పాలమూరు సీమలంతటి తగిన చోటు మఱియొకటి లేదు. ఇది మెట్టనేల. వాన తక్కువ. చెఱువు నిండిన యేట వరి. నిండని యేట జొన్నయు, సజ్జయు, కొఱ్ఱయు, తైదయు. వరికి నీరు నిలువవలెను. జొన్నకు రెండు మంచి వానలు చాలును. పండిన జొన్నలను మన పెద్దలు నేలలో పాతరలు త్రవ్వి, గడ్డి పఱచి, దాచి, కఱవునాడు తీసికొని తినిరి. పాతర యనునది ఆనాటి పల్లెకు బ్యాంకును, ధర్మసత్రమును గూడ. ఇక జొన్నరొట్టె చేయుట యెంత నేర్పో ఎఱుగుదురా? గోధుమపిండికి సాగు గుణము కలదు. అప్పడాలకఱ్ఱతో నొత్తినచో సాగును. జొన్నపిండి కా గుణము లేదు. దానిని వేడినీటితో గలిపి, బాగుగా మర్దించి, పీటమీద నఱచేతితో తట్టి తట్టి గుండ్రముగా పెంచవలెను. అంచు పగులకుండ ఎత్తి పెనముపై వేసి, తడిబట్టతో పైన నీరద్ది కాల్చవలెను. ఆ తట్టెడి చప్పుడు సంజవేళ మన పల్లెలలో ఇంటింట వినబడెడిది. జొన్నల రవ్వను ఉడికించిన గటకలో చల్ల పోసికొని తిని పొలము పోయినవానికి ప్రొద్దు వాలువఱకు ఆకలి తెలియదు. పులిసిన తైదయంబలి వేసవిలో చలువ. చింతపండు పిసికి, పొయ్యి ముట్టింపకయే చేసికొను పచ్చిపులుసు; వానకాలపు పుంటికూర; చైత్రమున చింతచిగురు; సద్దుల బతుకమ్మనాడు రొట్టెను బెల్లముతో నలిచి పంచు మలీద; ఇవి యేవియు బీదతనపు గుఱుతులు కావు. తక్కువ నీటితో, తక్కువ కట్టెలతో మనుష్యుని నిలువబెట్టిన తెలివికి గుఱుతులు.

అయినను ఏబది యఱువది సంవత్సరములలో నీ చిత్రము మాఱిపోయినది. 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువల పాఱెను. నల్లగొండ చెల్కలు పెక్కు వరిమళ్లయ్యెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. బీదల యింట వరియన్నము పండుగనాటి వస్తువై యుండుట పోయి ప్రతిపూటదయ్యెను. అది మంచిదే; ఆకలి తీఱుటకంటె మేలేమి కలదు? కాని దానివెంట జొన్న తినువాడు తక్కువవాడను నొక చెడు తలంపును వచ్చినది. రొట్టెడబ్బా తెఱచుటకు వెనుదీసి, మూలకు దిరిగి తిను బాలురను మేము చూచితిమి. వారిని జూచినప్పుడెల్ల మాకు ప్రతాపరెడ్డిగారు జ్ఞప్తికి వచ్చుచుందురు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిఱుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణములలో వైద్యులు వానిని తినుమని చెప్పుచున్నారు. అవ్వ పెట్టిన నాడు సిగ్గుపడి, అంగడిలో పొట్లము గట్టి హెచ్చువెలకు అమ్మిన నాడు గౌరవించుట మనకు తగునా?

ప్రతాపరెడ్డిగారి తుదిదినములను చెప్పి ముగింతుము. 1952లో జరిగిన యెన్నికలలో వారు వనపర్తినుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు సభ్యులుగా నెన్నికైరి. కాని యా పదవిలో నెక్కువకాల ముండుటకు ఆయువు చాలలేదు. 1953వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన, ఏబదియేడేండ్ల వయసున, పరలోకగతులైరి. కేంద్ర సాహిత్య అకాడెమీ 1955లో తన బహుమానములను మొదటిసారి యొసగినపుడు తెలుగు భాషకుగాను ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేరు. హైదరాబాదున హుస్సేనుసాగరపు కట్టమీద తెలుగు మహనీయుల విగ్రహముల నడుమ వారి విగ్రహమును గలదు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను. తుంగభద్ర యొడ్డున జొన్నరొట్టె తిని పెరిగిన బాలుని పేరు నేడొక విశ్వవిద్యాలయపు ద్వారముపై నున్నది.

వారి జీవితమునుండి మనము నేర్వదగిన గుణములు మూడు. మొదటిది, లేదని యెవరైన ననినచో కలహింపక వెదకి చూపుట. రెండవది, చిన్నదని లోకము త్రోసివేసిన దానియందు గొప్పదనమును గనుట. మూడవది, కాలము మించకమునుపే యడిగి వ్రాసికొనుట. ఈ మూడవ గుణము మీ చేతిలో నున్నది. విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో నింటికి బోయినపుడు ఒక నోటుపుస్తకము తీసికొని మీ యవ్వయొద్ద గూర్చుండుడు. ఆమె చిన్ననాట నే ధాన్యము తినెను, ఏ పండుగకేమి వండిరి, కఱవు వచ్చిన యేట ఏ ఆకులను, ఏ దుంపలను తిని బ్రతికిరి, ఏ వంట ఇప్పుడెవరును చేయరు, అడుగుడు. ఆమె చెప్పిన మాటను ఆమె పలికినట్లే వ్రాయుడు; పుస్తకపు భాషలోనికి మార్పకుడు. ఎంత పిండి, ఎన్ని నీళ్లు, ఎంతసేపు, ఏ కుండలో నన్నియు వ్రాయుడు. ఆమె పిడికెడని చెప్పినచో, ఆ పిడికిలి యెంతయో మీ కన్నులతో చూచి వ్రాయుడు. తలిదండ్రులారా, బిడ్డలు ఈ ప్రశ్నలడిగినపుడు పనికిమాలినవని విసుగుకొనకుడు. ఉపాధ్యాయులారా, అట్టి పుస్తకమొకటి తరగతికి వచ్చినచో లెక్కల పుస్తకముతో సమానముగా దానిని మన్నింపుడు.

అట్లు చేసినచో, నూఱేండ్ల పిమ్మట మఱియొక ప్రతాపరెడ్డిగారు మన కాలపు చరిత్రమును వ్రాయబూనినపుడు, నిఘంటువు తెఱచి, అది యొక భక్ష్యవిశేషమను మాటకడ నిలిచిపోయి, నిట్టూర్పు విడువవలసిన యవస్థ రాదు. మన యవ్వల చేతివంటకు ఆ మాత్రము ఋణము తీర్చుకొనుట మన ధర్మము.